గాలి ఎక్కణ్ణుంచి వస్తోంది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

నాకు ముందు మాట్లాడినవాళ్లలో డాక్టర్లున్నారు, ఇంజినీర్లున్నారు. నేను పదో తరగతితో ఆగిపోయినవాణ్ణి. ముప్పై ఏళ్లుగా బస్టాండు వెనక షెడ్డులో బళ్లు బాగుచేస్తున్నాను. కాబట్టి కార్బొరేటర్ గురించే చెబుతాను, కాసేపు ఓర్చుకోండి.

ఒక కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గాలి అంతకు మించినా, పెట్రోలు తగ్గినా మిక్చర్ ‘లీన్’ అయిందంటాం. చిక్కేమిటంటే, లీన్ బండి మొదట్లో జబ్బు బండిలా కనిపించదు. పొగ ఉండదు. మైలేజీ పెరిగిందని సంబరపడేవాళ్లు కూడా ఉంటారు.

షెడ్డు పెట్టిన కొత్తలో మన సైన్సు మాస్టారు తన టూ-స్ట్రోక్ బండి తెచ్చారు. “ఎక్స్‌లేటర్ వదిలేసినా ఇంజిన్ అరుస్తూనే ఉందిరా, చూడు” అన్నారు. స్లో రన్నింగ్ స్క్రూ రెండు చుట్లు వెనక్కి తిప్పాను. అరుపు తగ్గింది. డబ్బులొద్దండీ అని గొప్పగా పంపించాను.

మూడోరోజు ఆయన అమ్మాయిని వెనక కూర్చోబెట్టుకుని హైవే మీద వెళ్తుంటే పిస్టన్ పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయింది. క్లచ్ పట్టుకోబట్టి సరిపోయింది. వెనక లారీ లేకపోబట్టి సరిపోయింది. ఆ బండికి ఆయిల్ పెట్రోల్లోనే కలిపి పోస్తాం. మిక్చర్ లీన్ అయితే వేడి పెరగడమే కాదు, లోపలికి అందే ఆయిలూ తగ్గుతుంది.

మాస్టారు బండి తోసుకుంటూ వచ్చారు. తిట్టలేదు. గీతలు పడ్డ పిస్టన్ చేతిలో పట్టుకుని, “ఎక్కువ గాలి ఎక్కణ్ణుంచి వస్తోందిరా?” అన్నారు, క్లాసులో అడిగినట్టే. క్లాసులో లాగే నాకు జవాబు రాలేదు. కార్బొరేటర్‌కీ సిలిండర్‌కీ మధ్యనుండే రబ్బరు జాయింటు వంచి చూస్తే సన్నటి పగులు. రీబోర్ ఖర్చు నాదే అన్నాను. ఆయన ఒప్పుకోలేదు, సగం ఇచ్చి వెళ్లారు.

అప్పట్నుంచి నా వరస మారింది. వేడెక్కాక కూడా చోక్ వేస్తేనే బండి కుదురుగా నడుస్తోందంటే లీన్ అని అనుమానిస్తాను. ప్లగ్గు పింగాణీ బిస్కెట్టు రంగులో ఉండాలి, సున్నం కొట్టినట్టు ఉండకూడదు. అయితే ఈనాటి పెట్రోలుతో ఆ రంగు ఒక్కటే నమ్మను.

ముందు పెట్రోలు దారి చూస్తాను. ట్యాంకు మూత రంధ్రం పూడుకుపోతే బండి కొంతదూరం పోయి ఆగుతుంది, మూత తీస్తే మళ్లీ నడుస్తుంది. నెలల తరబడి నిలబెట్టిన బండిలో పెట్రోలు జిగురై పైలట్ జెట్‌ను మూసేస్తుంది. దాన్ని తీగతో పొడవకండి, రంధ్రం పెద్దదవుతుంది. క్లీనర్లో నానబెట్టి గాలి కొట్టండి చాలు.

తర్వాత గాలి దారి. ఇంజిన్ స్లోలో ఉండగా ఆ రబ్బరు చుట్టూ నీళ్లు స్ప్రే చేస్తాను. చప్పుడు మారితే లీకు అక్కడే. పెట్రోలు చల్లి చూసే ఘనులున్నారు. వేడి ఇంజిన్ మీద పెట్రోలేమిటండీ! టూ-స్ట్రోక్ బళ్లలో మాగ్నెట్ వెనకున్న ఆయిల్ సీలు కూడా గాలి పీలుస్తుంది. అది తెలియాలంటే మాగ్నెట్ విప్పాల్సిందే.

ఇవన్నీ అయ్యాకే జెట్ల జోలికి వెళ్తాను. ఎక్స్‌లేటర్ కొద్దిగా తిప్పినప్పుడు పైలట్ జెట్‌ది పెత్తనం, మధ్యలో నీడిల్‌ది, పూర్తిగా తిప్పితే మెయిన్ జెట్‌ది. ఎక్కడ తడబడితే అక్కడ చూడాలి. నీడిల్ క్లిప్ ఒక గాడి కిందికి దించితే నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. లీకు వదిలేసి పెద్ద జెట్ వేయడమంటే, ఆ రోజు నేను స్క్రూ తిప్పినట్టే.

సౌండు కోసం ఫిల్టరూ సైలెన్సరూ మార్పించే పిల్లలకు కూడా ఇదే చెబుతుంటాను. వినరు. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత సెట్టింగు మీద బండి ఇంకాస్త లీన్‌గా నడుస్తుంది. 2020లో బీఎస్-6 వచ్చాక కొత్త బళ్లకు చాలావరకు ఫ్యూయల్ ఇంజెక్షనే. కార్బొరేటర్ పని నేర్పమని నా దగ్గరికి ఏ కుర్రాడూ రావడం లేదు.

మాస్టారు ముందు వరసలోనే ఉన్నారు. ఆయన బండి ఇప్పుడు మనవడు నడుపుతున్నాడు, అదిగో, వేపచెట్టు కింద ఉంది. పాత బళ్లున్నవాళ్లు భోజనాలయ్యాక అక్కడికి రండి. ప్లగ్ పానా, నీళ్ల సీసా తెచ్చాను.