గుడ్డ గొట్టం మీద కాపురం పెట్టే క్రిములు

పెద్ద ధమని ఉబ్బినా, పూడుకుపోయినా మేం సర్జన్లం అమర్చే గొట్టం చాలాసార్లు డాక్రాన్‌ది. అంటే మీ చీరల్లో, చొక్కాల్లో ఉండే పాలియెస్టరే. 1950లలో హ్యూస్టన్ సర్జన్ మైకేల్ డిబేకీ ఇంట్లో భార్య కుట్టుమిషన్ మీద ఈ గొట్టాలు కుట్టి చూశారు.

రక్తం బాగానే పారుతుంది. కానీ ఆ గుడ్డకు ప్రాణం లేదు, తనను తాను కాపాడుకోలేదు. 1957లో ఎలెక్, కోనెన్ అనే ఇద్దరు పరిశోధకులు మనుషుల చర్మంలోకి స్టాఫిలోకాకస్ అనే క్రిమిని ఎక్కించి చూశారు. మామూలుగా చీము పట్టాలంటే లక్షల క్రిములు కావాలి. అక్కడ పట్టుదారం కుట్టు ఉంటే వందల్లో చాలు. ఒక్క దారానికే ఇంత తేడా ఉంటే మూరెడు గొట్టం మాట చెప్పాలా!

ఆపరేషన్ అయిన కొన్ని వారాల్లోనే జ్వరం, ఎరుపు, చీముతో బయటపడేది ఎక్కువగా స్టాఫిలోకాకస్ ఆరియస్. సూడోమొనాస్ అయితే కుట్టు దగ్గర ధమని గోడనే తినేస్తుంది, ఉన్నట్టుండి రక్తం చిమ్ముతుంది. పొట్టలోని గొట్టం పేగుకు ఒరుసుకుంటే పేగులోని క్రిములూ చేరతాయి.

నన్ను ఎక్కువగా తికమక పెట్టేది మాత్రం స్టాఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్. ఇప్పుడు మనందరి ఒంటి మీదా ఉంది, ఏ హానీ చెయ్యదు. ఆపరేషన్ వేళ గొట్టానికి అంటుకుందంటే చుట్టూ జిగురుపొర అల్లుకుని, ఏళ్ల తరబడి కూడా ఉండిపోగలదు. జ్వరం రాకపోవచ్చు, రక్తం కల్చర్‌లో ఏమీ కనబడకపోవచ్చు. గజ్జల్లో చిన్న రంధ్రం పడి రసి కారుతుంది, అంతే. దానికి ఆయింట్‌మెంట్ రాసుకుంటూ కూర్చోకండి. తీసేసిన గొట్టాన్ని ల్యాబులో అల్ట్రాసౌండ్ తరంగాలతో కుదిపితే గానీ ఒక్కోసారి ఈ క్రిమి దొరకదు.

ఆ పొరలో క్రిములు సగం నిద్రలో ఉంటాయి, యాంటీబయాటిక్ వాటిని పూర్తిగా చంపలేదు. అందుకే వీలైతే గొట్టాన్నే తీసేస్తాం. బదులుగా రోగి తొడలోని సిరను వాడతాం, లేదా చంక నుంచి గజ్జకు చర్మం కింద కొత్త దారి వేస్తాం. రెండూ పెద్ద ఆపరేషన్లే.

ఉద్దానం వైపు డయాలసిస్ చేయించుకునేవాళ్లు ఎందరో ఉన్నారు కాబట్టి ఇదొకటి చెప్పాలి. చేతిలో సొంత సిరతో వేసే ఫిస్టులాకు ఇన్‌ఫెక్షన్ తక్కువ, కానీ అది పక్వానికి రావడానికి వారాలు, నెలలు పడుతుంది. కృత్రిమ గొట్టం త్వరగా అక్కరకొస్తుంది. అయితే డయాలసిస్ జరిగిన ప్రతిసారీ, చర్మం మీది క్రిముల్ని దాటుకునే సూది అందులోకి దిగాలి.