రెండు సూర్యుల టాటూయిన్

1977లో వచ్చిన ‘స్టార్ వార్స్’ సినిమాలో టాటూయిన్ అనే ఎడారి గ్రహం ఉంది. సాయంత్రం పూట ల్యూక్ అనే కుర్రాడు ఇంటి బయట నిలబడి, రెండు సూర్యులు కుంగిపోతుంటే అలా చూస్తూ ఉండిపోతాడు. ఎన్నిసార్లు చూసినా నా గుండె బరువెక్కుతుంది. ఆ గ్రహం మీద సేద్యమంటే గాలిలోని తేమను పట్టి నీళ్లు తీయడమే.

ఈ దృశ్యాలు తీసింది ట్యునీషియాలో. గ్రహం పేరూ అక్కడి టటావిన్ అనే ఊరి పేరు నుంచి వచ్చిందే. ల్యూక్ ఇంటి లోపలి భాగాన్ని మట్మాటాలో తీశారు. అక్కడ నేలలో పెద్ద గొయ్యి తవ్వి, చుట్టూ గోడల్లోకి గదులు తొలుస్తారు. పైన ఎండ మండిపోతున్నా లోపల చల్లగా ఉంటుంది.

2011లో నాసా వారి కెప్లర్ టెలిస్కోపు రెండు నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాన్ని నిజంగానే పట్టుకుంది. దాని పేరు కెప్లర్-16బి. ఇంచుమించు శనిగ్రహమంత ఉంటుంది, బాగా చల్లటిది. అక్కడ ఏడాదంటే 229 రోజులు.