కొండ దారియు, చక్రపు పట్టును

(పాఠశాలలో తల్లిదండ్రుల సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై మాతృభాషను గూర్చియు, పిల్లల చదువును గూర్చియు పెద్దలు పలుమారులు చక్కగా సెలవిచ్చియున్నారు. నేడు మేము మాటలాడదలచినది సైకిలు చక్రమును గూర్చి. మరింత స్పష్టముగా చెప్పవలెనన్న, చక్రపు రిమ్మునకును బ్రేకు రబ్బరునకును నడుమ నుండు పట్టును గూర్చి. విషయము చిన్నదిగా తోచవచ్చును. కాని మన మాహూరు కొండల ఊరు. ఇచట ఆ చిన్న పట్టుపైననే పిల్లల ప్రాణము ఆధారపడియుండును.

మనవారు ఎల్లమ్మ తల్లియని కొలుచు రేణుకామాత ఆలయము ఒక కొండపైన, దత్తాత్రేయుని ఆలయము, అనసూయామాత ఆలయము వేరు శిఖరములపైన ఉన్నవి. నవరాత్రుల దినములలో ఆ దారుల నిండ బస్సులు, జీపులు, కాలినడక యాత్రికులు కనబడుదురు. సెలవు వచ్చినచో మన పిల్లలు సైకిలు తోసికొనుచు పైకి పోవుదురు. దిగునపుడు పెడలు త్రొక్కక జారివచ్చుట వారికి గొప్ప వేడుక. ఆ వేడుకను మాన్పింపవలెనని మేము చెప్పుట లేదు. దానిని క్షేమకరముగా చేయు బాధ్యత మనదని మాత్రమే మనవి చేయుచున్నాము.

మేమెరిగిన బాలుడొకడు టెలిఫోనులో విదేశీయుల సైకిలు విన్యాసములు చూచెను. వారు రిమ్ము పక్కలను గ్రైండరుతో గీయింతురనియు, దానివలన బ్రేకు గట్టిగా పట్టుననియు వినెను. తానును ఒక వెల్డింగు దుకాణమునకు పోయి రెండు రిమ్ములను గీయించుకొనెను. మొదటి దినమున బ్రేకు అద్భుతముగా పట్టెను. కొలది దినములకే రబ్బరులు అరిగిపోయెను. ఒకనాడు కొండ దిగుచుండగా రబ్బరు పోయి దాని ఇనుప పట్టీ రిమ్మునకు రాసికొనెను. అతడు సైకిలును కొండవైపు గట్టునకు ఒరగించి, మోచేతులు చీరుకొని బయటపడెను. లోయ వైపున పడియున్నచో ఏమయ్యెడిదో చెప్పనక్కరలేదు. మేము మందలింపగా అతడు, “అయ్యా, అది తప్పయినచో వారెందుకు గీయింతురు?” అని అడిగెను. ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి సమాధానము చెప్పుటయే నేటి మా ప్రసంగము.

మొదట బ్రేకు చేయు పనిని చూతము. కొండపైనున్న సైకిలునందు ఎత్తు వలన శక్తి నిలువయుండును. దిగునపుడు ఆ శక్తి వేగముగా మారును. గాలి అడ్డు, రాపిడి లేవనుకొన్నచో, 10 మీటర్ల నిలువు ఎత్తు దిగునప్పటికి వేగము గంటకు 50 కిలోమీటర్లగును. ఆ వేగము పెరుగకుండ బ్రేకు ఆ శక్తిని వేడిగా మార్చును. పిల్లవాడును సైకిలును కలిసి 60 కిలోగ్రాములనుకొందము. 100 మీటర్ల నిలువు ఎత్తు దిగినచో విడుదలయగు శక్తి ఒక లీటరు నీటిని సుమారు 14 డిగ్రీలు వేడిచేయగలది. ఈ రాపిడి యంతయు, వేలెడు పొడవు గల నాలుగు రబ్బరు దిమ్మెలపైననే పడును. వేగము రెట్టింపైనచో ఆపవలసిన శక్తి నాలుగు రెట్లగుననియు గుర్తుంచుకొనవలెను.

ఇక ఆ విదేశీయుల సంగతి. వారు చేయు క్రీడను ట్రయల్స్ అందురు. బండలపైన, దుంగలపైన, గోడల అంచులపైన కాలు నేల మోపక సైకిలుతో దుముకుచు పోవుట అందలి పరీక్ష. ఇది మోటారు సైకిలు ట్రయల్స్ నుండి పుట్టినది. స్పెయిను దేశపు కాటలోనియాలో మోటారు సైకిలు వీరుడగు పెద్రో పీ తన కుమారుడు ఓత్ పీ సాధన కొరకు చిన్న సైకిలును సిద్ధపరచుట ఈ క్రీడ చరిత్రలో ముఖ్య ఘట్టము. 1986 నుండి అంతర్జాతీయ సైకిలు సమాఖ్య దీనికి ప్రపంచ పోటీలు జరుపుచున్నది. స్కాట్లండులోని స్కై ద్వీపమున పుట్టిన డానీ మెకాస్కిల్ 2009లో ఎడింబరో వీథులలో చేసిన విన్యాసముల చిత్రము లోకమంతట పిల్లలను ఆకర్షించినది.

ఈ క్రీడలో బ్రేకు వేగము తగ్గించుటకు కాదు. చక్రమును పూర్తిగా బిగించి నిలుపుటకు. బండ అంచున వెనుక చక్రము వెంట్రుకవాసి తిరిగినను మనిషి పడిపోవును. కనుక వారిలో పలువురు అల్యూమినియము రిమ్ము పక్కలపై గ్రైండరుతో లోతులేని గీతలను, ఒకదాని ప్రక్క నొకటిగా, వాలుగా గీయుదురు. మెత్తని రబ్బరు ఆ గీతలలో ఇమిడి పట్టును. కొందరు గీయుటకు బదులు రిమ్మునకు కొంచెము తారు రాయుదురు. తడి తగిలినచో ఆ పట్టు చెడును. గీతలు అరిగినచో మరల గీయుదురు, రబ్బరులు తరచుగా మార్చుదురు, రిమ్ము పలుచనైనచో పారవేయుదురు. వారు పోవునది మెల్లగా. ఒక మారు బ్రేకు పట్టునది క్షణకాలము. వారికది తగినదే.

మన కొండ దారి వేరు. ఇచట బ్రేకు నిమిషముల కొలది పట్టియుంచవలెను. గీసిన రిమ్ము ఆకురాయివలె రబ్బరును తినివేయును. ముందు చక్రము అకస్మాత్తుగా బిగిసినచో పిల్లవాడు హ్యాండిలు మీదుగా ఎగిరి పడును. అల్యూమినియము రిమ్ము గోడ పలుచనైనచో ట్యూబులోని గాలి ఒత్తిడికే పగులవచ్చును. ఉక్కు రిమ్మునకు గ్రైండరు తగిలినచో పైపూత పోయి తుప్పు పట్టును. పట్టు ఎక్కువైనంత మాత్రమున బ్రేకు మంచిదికాదు; పనికి తగిన పట్టు కావలెను. ఆ బాలుని ప్రశ్నకు మా సమాధానమిదియే.

అయితే ఆ క్రీడాకారుల నుండి మనము నేర్వవలసినది ఒకటి కలదు. బ్రేకు బలము హ్యాండిలు దగ్గర కాక రిమ్ము దగ్గర పుట్టునని వారు గ్రహించిరి. మనము తీగను బిగించి ఊరకుందుము, రిమ్మును చూడము. కనుక ఇంటిలో ఈ క్రింది పనులు చేయవలెనని మనవి.

మొదటిది శుభ్రత. గొలుసునకు నూనె వేయునపుడు ఒక్క చుక్కయు రిమ్ముపై పడరాదు. మెరియుటకై రిమ్మునకు నూనె రాయుట కొందరి అలవాటు, అది ప్రాణాపాయము. రిమ్మును సబ్బు నీటితో కడిగి పొడిగుడ్డతో తుడువవలెను. అల్యూమినియము రిమ్ముపై నల్లని జిడ్డు పేరుకొన్నచో సన్నని గరుకు కాగితముతో తేలికగా రుద్దవచ్చును. మెరుగుపూత గల ఉక్కు రిమ్మును మాత్రము రుద్దరాదు.

రెండవది రబ్బరు. దాని ముఖము అద్దమువలె నునుపైనచో గరుకు కాగితముతో ఒక పొర తీయవలెను. అందు గ్రుచ్చుకొన్న ఇసుక రేణువులను సూదితో తీయవలెను. లేనిచో అవి రిమ్మును కోయును. రబ్బరుపై గాడులు అరిగి మాసిపోయినచో మార్చవలెను. అది రిమ్మునకే తగులవలెను గాని టైరునకు తగులరాదు.

మూడవది రిమ్ము. చక్రమును ఎత్తి త్రిప్పి చూడుడు. రిమ్ము అటునిటు ఊగుచున్నచో సైకిలు దుకాణములో పుల్లలు బిగింపించి వంకర తీయింపుడు. రిమ్ము పక్కపై ఉక్కు కొలబద్దను ఆనించి చూడుడు. నడుమ లోతుగా గుంటపడియున్నచో ఆ రిమ్మునకు కాలము తీరినదని తెలియవలెను. పాత నల్లసైకిళ్లకు తీగలకు బదులు కడ్డీలుండును. వాని రబ్బరులు రిమ్మును ప్రక్కల నుండి కాక లోపలి వైపున నొక్కును. అట్టి సైకిలునకు కడ్డీల కీళ్లయందలి మరలు వదులు కాకుండ చూడవలెను.

నాలుగవది వాన. తడిసిన రిమ్ముపై, విశేషించి మెరుగుపూత గల ఉక్కు రిమ్ముపై, రబ్బరు పట్టు మిక్కిలి తగ్గిపోవును. ఈ కష్టము నివారించుటకు ఒకప్పుడు ఇంగ్లండులో తోలు అతికిన బ్రేకు దిమ్మెలు కూడ చేసిరి. మన పిల్లలకు నేర్పవలసినది ఇంతే: వానలో, మలుపునకు చాల ముందుగానే బ్రేకును మెల్లగా తాకించి రిమ్ముపై నీటిని తుడువవలెను, ఆ పిమ్మట గట్టిగా పట్టవలెను. రెండు బ్రేకులును కలిపి వాడవలెను. క్యారియరుపై స్నేహితుని కూర్చుండబెట్టుకొని కొండ దిగరాదు. దారి మిక్కిలి నిటారైన చోట దిగి నడచుట పిరికితనము కాదు.

ఈ పనులకు కావలసినది ఒక గుడ్డ, కొంచెము సబ్బు, వారమునకు పావుగంట. సైకిలు దుకాణమున మరాఠీలో అడిగినను, ఇంటిలో తెలుగున చెప్పినను, రిమ్ము రిమ్మే, బ్రేకు బ్రేకే. కాని జాగ్రత్త యనునది తల్లి నోటి మాటగా, తండ్రి చేతి పనిగా అందినపుడే పిల్లల మనస్సున నిలుచును. కనుక ఆదివారమున పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఆ చక్రమును అతనిచేతనే తుడిపింపుడు. ఆడపిల్లల సైకిళ్లను మరువకుడు; వారికిని ఈ పని నేర్పుడు.

మేము చెప్పిన బాలుడు గీసిన రిమ్ములను తీయించి క్రొత్తవి వేయించుకొనెను. ఇప్పుడు తోటి పిల్లల చక్రములను త్రిప్పి చూచి, వంకర యెచటనో చెప్పుచున్నాడు. అతని ఉత్సాహమును అణచక, దారికి తెచ్చినందుకు అతని తల్లిదండ్రులను అభినందించుచున్నాము. మన పిల్లలు ఆ తల్లి కొండను ఎంత సంతోషముతో ఎక్కుదురో, అంత క్షేమముగా ఇల్లు చేరుదురు గాక యని కోరుచు విరమించుచున్నాము.