పాత కంప్యూటర్లు, కొత్త సిస్టమ్‌లు: దాతలకు మా మనవి

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కొంతకాలంగా దాతలు మమ్మల్ని ఒకే ప్రశ్న అడుగుతున్నారు: “మాస్టారూ, మేమిచ్చిన కంప్యూటర్లు పనికిరాకుండా పోయాయట కదా, మళ్ళీ కొత్తవి కొనాలా?” న్యాయమైన ప్రశ్నే. మీరిచ్చే ప్రతి రూపాయీ మా దగ్గర అమానత్. దానికి జవాబు చెప్పడం మా బాధ్యత.

2015లో వచ్చిన విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ కంపెనీ 2025 అక్టోబరు 14తో మద్దతు ముగించింది. ఆ రోజుతో కంప్యూటర్లు ఆగిపోలేదు, ఎప్పటిలాగే నడుస్తున్నాయి. కాని కొత్తగా బయటపడే లోపాలను సరిచేసే అప్‌డేట్లు మామూలుగా రావు. ఇళ్లలో వాడేవారికి మరో ఏడాది గడువు ఇచ్చారు. అది గడువే గాని పరిష్కారం కాదు.

విండోస్ 11కి మారదామంటే దానికి టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరానిదో, ఆ తర్వాతదో అయి ఉండాలి. అంటే 2018కి ముందు కొన్న యంత్రాల్లో చాలావాటికి ఆ తలుపు మూసుకుపోయినట్టే. మన శిక్షణ కేంద్రంలో ఉన్నవి ఎక్కువగా అలాంటివే.

భద్రత కోసమే ఈ నిబంధన అని కంపెనీ చెబుతోంది. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే టైపింగు, ఎక్సెల్ లెక్కలు, ఇంటర్నెట్‌లో స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపడం నేర్చుకునే పిల్లకు ఆ పాత యంత్రం ఇంకా నాలుగైదేళ్లు చక్కగా సరిపోతుంది. బాగున్న యంత్రాన్ని పారేయడం దుబారా అని మా అభిప్రాయం.

దీనికి దారి ఉంది. 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన లినక్స్ నేడు ఉచితంగా దొరుకుతుంది. మీ జేబుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లకూ పునాది అదే. మన సీడాక్ సంస్థ భారతీయ భాషలతో బాస్ లినక్స్‌ను తయారుచేసింది. కేరళ ప్రభుత్వ పాఠశాలల పిల్లలు ఏళ్ల తరబడి ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే నేర్చుకుంటున్నారు. పాత హార్డ్‌డిస్క్ తీసి చిన్న ఎస్‌ఎస్‌డీ వేసి, లినక్స్ మింట్ వంటిది ఎక్కిస్తే నత్తనడక యంత్రం కూడా లేచి నడుస్తుంది. అందులో తెలుగు టైపింగు ఉంది, ఉర్దూ ఉంది, లిబ్రే ఆఫీసు ఉంది.

లినక్స్‌తో అన్నీ జరుగుతాయని మేము చెప్పడం లేదు. దుకాణాల్లో లెక్కలు రాసే ఉద్యోగానికి ట్యాలీ రావాలి. డీటీపీ సెంటర్లో కూర్చోవాలంటే అను స్క్రిప్ట్ రావాలి. ఇవి విండోస్ మీద నడిచేవి. కనుక రెండు మూడు కొత్త యంత్రాలు తప్పవు. అన్నిటినీ మార్చనక్కరలేదు.

ఇక యాప్ స్టోర్ల మాట. 2008లో ఆపిల్ తన స్టోర్ తెరిచినప్పుడు అందులో సుమారు 500 యాప్‌లు ఉండేవి. 2012లో విండోస్ 8తో కంప్యూటర్లోకీ స్టోర్ వచ్చింది. ఎక్కడబడితే అక్కడ దొరికే ఫైళ్లు దించుకోవడం కంటే స్టోర్ మేలే. కాని అంగడి యజమాని ఒక్కడే అయితే షరతులూ అతనివే అవుతాయి. ప్లే స్టోర్ చెల్లింపుల నిబంధనల విషయంలో 2022లో మన కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు 936 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అప్పీలులో అది 216 కోట్లకు తగ్గింది.

మన కుటుంబాలకు ఇంకా దగ్గరి సంగతి లోన్ యాప్‌లు. 2021లో రిజర్వు బ్యాంకు కమిటీ ఆండ్రాయిడ్ స్టోర్లలో వెతికితే సుమారు 1,100 అప్పుల యాప్‌లు కనిపించాయి, వాటిలో 600 చట్టవిరుద్ధమైనవి. అప్పు తీసుకున్నవారి ఫోన్లోని నంబర్లన్నిటికీ ఫోన్లు చేసి పరువు తీసిన ఉదంతాలు మన తెలుగు రాష్ట్రాల్లోనే విన్నాం. “స్టోర్లో ఉంది కదా, నమ్మొచ్చు” అనే మాట చాలదు. కెమెరా, కాంటాక్టులు అడిగే యాప్‌కు “ఎందుకు?” అని తిరిగి ప్రశ్న వేయడం మౌస్ పట్టడం కన్నా ముందు నేర్పవలసిన పాఠం. ఈ పాఠం పిల్లలతోబాటు తల్లులకూ కావాలి.

కనుక దాతలకు మా మనవి ఇది. పాత కంప్యూటరు ఇచ్చేముందు అది ఏ సంవత్సరానిదో చెప్పండి, మీ సొంత ఫైళ్లు పూర్తిగా తుడిచి ఇవ్వండి. ఒక కొత్త యంత్రం ఇవ్వలేనివారు ఒక ఎస్‌ఎస్‌డీ ఇవ్వండి, ఒక పాత యంత్రానికి ప్రాణం వస్తుంది. స్తోమత ఉన్నవారు ట్యాలీ, డీటీపీ కోసం కొత్త యంత్రాలు ఇప్పించండి. హైదరాబాదులో, బెంగళూరులో, గల్ఫులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడు ఒక ఆదివారం మా కేంద్రానికి కేటాయించాలి. డబ్బుతో కొనలేనిది ఆ ఒక్క పూట.

సిస్టమ్‌లు మారుతూనే ఉంటాయి. ఏ సిస్టమ్ ముందు కూర్చోబెట్టినా బెదరకుండా పని చేసుకునే పిల్లలను తయారుచేయడమే మా పని. అందుకు మీ సహకారం ఇలాగే కొనసాగాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.