ఆటపెట్టెకు ఏ తెర?

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం అయిన వెంటనే ఆటపెట్టె ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చు. కాని కొన్ని నెలలుగా వేలూరులో మా ఇంటా, గుడియాత్తంలో అవ్వగారింటా ఇదే చర్చ. నిలువెత్తు చెక్కపెట్టె, దానిలో తెర, ముందు చిన్న పిడి, నాలుగు బొత్తాలు. ఒకప్పుడు నాణెం వేసి ఆడిన ఆర్కేడ్ యంత్రం వంటిది ఇంట్లోనే చేసుకుంటామని పిల్లలు పట్టుబట్టారు. ఎవరి ఫోను వారు పట్టుకొని మూలకొకరు కూర్చునే పిల్లలు ఒకచోట నిలబడి వంతుల కోసం పోట్లాడుకుంటారు, ఆ పోట్లాటైనా తెలుగులో సాగుతుంది గదా అని మేమూ సరేనన్నాము.

మొదటి తప్పు మాదే. తెర కొనకముందే వడ్రంగిచేత పెట్టె చేయించాము. 24 అంగుళాల మానిటర్ అంటే వెడల్పు 24 అంగుళాలని తలచి అంత రంధ్రం కోయించాము. తెర కొలత మూల నుండి ఎదుటి మూలకు కొలిచేదని తరువాత తెలిసింది. ఆ తెర వెడల్పు సుమారు 21 అంగుళాలు, ఎత్తు 12 అంగుళాల కంటె కొంచెం తక్కువ. పెట్టెకు నోరు పెద్దదైనది, ప్లైవుడ్ దండుగైనది. అగ్గిపెట్టెలకు పేరుపడ్డ గుడియాత్తంతో బంధుత్వం ఉండికూడా మాకు ఈ సంగతి తోచకపోవడం విడ్డూరం! పుల్లను చూసి పెట్టె చేస్తారు గాని, పెట్టె చేసి పుల్లను వెదకరు గదా.

రెండవ సంగతి ఆకారం. ఏ ఆటలు ఆడతారో ముందు తేల్చుకోవలె. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్, 1980 నాటి పాక్‌మాన్, 1981 నాటి డాంకీ కాంగ్ నిలువు బొమ్మలు. ఆ యంత్రాలలో పిక్చర్ ట్యూబును పక్కకు తిప్పి నిలబెట్టేవారు. 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ 2 అడ్డబొమ్మ. రెండింటికీ నిష్పత్తి నాలుగుకు మూడే. నేటి మానిటర్లది పదహారుకు తొమ్మిది. అందుచేత 24 అంగుళాల కొత్త తెరను అడ్డంగా పెడితే స్ట్రీట్ ఫైటర్ బొమ్మ 19 అంగుళాల పైచిలుకు వస్తుంది. పాక్‌మాన్ మాత్రం 15 అంగుళాల లోపు కుదించుకుపోతుంది. కార్యాలయాలలో వాడి తీసివేసిన పాత 19 అంగుళాల చదరపు తెరను నిలువుగా పెడితే పాక్‌మాన్ 18 అంగుళాలకు మించి వస్తుంది. అంకె పెద్దదైనంత మాత్రాన బొమ్మ పెద్దది కాదు.

అయితే తెరను నిలబెట్టినప్పుడు ఇంకొక చిక్కు ఉన్నది. టీఎన్ అనే చౌక రకం తెరలు పై నుండి, కింది నుండి చూస్తే రంగు మారతాయి. వాటిని పక్కకు తిప్పితే ఆ దోషం ఎడమకు కుడికి వస్తుంది. పక్కన నిలబడి వంతు కోసం చూసేవానికి బొమ్మ వెలిసిపోయి కనిపిస్తుంది. ఐపీఎస్ రకానికి ఈ బాధ తక్కువ. కొట్టులోనే తెరను నిలబెట్టి, వెలిగించి, రెండు వైపులకూ వెళ్లి చూడండి. మేము అట్లాగే చూసి కొన్నాము.

మూడవది ఆలస్యం. ఈ ఆటలలో బొమ్మ సెకనుకు సుమారు 60 మార్లు మారుతుంది. బొత్తాం నొక్కిన తరువాత తెర నాలుగైదు బొమ్మలు వెనుకబడినా ఆటగాడు చచ్చినట్టే! కొత్త టీవీలు బొమ్మకు మెరుగులు దిద్దే పనిలో ఈ ఆలస్యం చేస్తాయి. టీవీ వాడదలిస్తే గేమ్ మోడ్ పెట్టుకోవలె. సాధారణంగా కంప్యూటర్ మానిటరే మేలు.

ఇక అసలు తగవు. తమిళనాడు ప్రభుత్వం 2006లో మొదలుపెట్టిన ఉచిత రంగుల టెలివిజన్ పథకంలో అవ్వకు 14 అంగుళాల టీవీ వచ్చినది. ఆ ఇంటికి అదే తొలి రంగుల టీవీ. మా పెద్దవాడి కన్ను దాని మీద పడ్డది. వాడి మాటలో న్యాయం లేకపోలేదు. మగ్గం మీద పేక పోగు వెంట పోగు పడ్డట్టు, ట్యూబులో గీత కింద గీత పడి బొమ్మ అవుతుంది. మన దేశపు పాత టీవీలో సెకనుకు 15,625 గీతలు; ఆ కాలపు ఆట యంత్రాలలోనూ ఇంచుమించు అంతే. అందుకే ఆ ఆటలకు ట్యూబు మీద వచ్చే కళ వేరు. కాని మామూలు కంప్యూటర్ పంపేది అంతకు రెట్టింపు. తగిన పరికరం మధ్యన లేకుండా కలపకూడదు.

పెట్టెలో ఇమిడించడానికి ట్యూబును పైతొడుగు నుండి ఊడదీస్తానని వాడు స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. అవ్వ చెయ్యి పట్టుకున్నది. “ముట్టుకోవద్దు నాయనా! బాగుండేదాన్ని ఇప్పి బాగుచేసేదేందిరా?” అన్నది. ఆమెకు లెక్కలు తెలియవు గాని మాట నిజం. ట్యూబుకు 20 వేల వోల్టులకు పైబడిన విద్యుత్తు అందుతుంది. ప్లగ్గు పీకిన తరువాత కూడా అది నిలవ ఉండి ప్రాణం మీదికి తేవచ్చు. గాజు పగిలితే లోపలికి విరుచుకొని ముక్కలు చిమ్ముతుంది. ఆ గాజులో సీసం కూడా ఉంటుంది. తల్లిదండ్రులారా, తక్కినవన్నీ మరచినా ఇది మరువకండి: పాత టీవీ వెనుక మూతను పిల్లలచేత విప్పించకండి.

చివరకు రాజీ కుదిరినది. వేలూరులో ఆటపెట్టెకు 19 అంగుళాల చదరపు తెర నిలువుగా పెట్టాము. గుడియాత్తంలో అవ్వ టీవీ తొడుగుతో సహా బల్ల మీదనే ఉన్నది. పసుపు రంగు వీడియో గుంటకు చిన్న ఆట పరికరం తగిలించాము. సెలవులకు పిల్లలు అక్కడా ఆడతారు, సీరియల్ వేళకు లేచి అవ్వకు చోటిస్తారు.

కనుక ముందు ఆట, తరువాత ఆకారం, ఆపైన కొలత, ఆలస్యం చూసుకోండి, పెట్టె చిట్టచివర. మొదట పాడుచేసిన చెక్క కూడా వృథా పోలేదు. అవ్వ దానిని అటకమీద పలకగా వేయించి ఊరగాయ జాడీలు పెట్టుకున్నది. ఈ ఏటి ఆవకాయ దాని మీదికే ఎక్కుతుంది.