బొడ్డు పియర్సింగ్ మానేదాకా ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు?

ఈ ఎపిసోడ్‌లో బొడ్డు పియర్సింగ్ గురించి మాట్లాడుకుందాం. చేయించుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం, ఆ జోలికి నేను పోను. చేయించుకున్నాక ఎలా చూసుకోవాలి, అదే ఈ రోజు టాపిక్.

మొదట టైమ్ సంగతి. చెవి తమ్మె కుట్టించుకుంటే 6 నుంచి 8 వారాల్లో మానుతుంది. బొడ్డుకి 6 నుంచి 12 నెలలు పడుతుంది. కొందరికి ఇంకా ఎక్కువ. ఎందుకంటే కూర్చున్నా, వంగినా అక్కడ చర్మం మడత పడుతుంది, చెమట నిలుస్తుంది, బట్టలు అక్కడే బిగుస్తాయి. పైగా ఈ గాయం బయటి నుంచి లోపలికి మానుతుంది. రెండు నెలలకే పైకి మానినట్టు కనిపిస్తుంది, లోపల మాత్రం ఇంకా పచ్చిగానే ఉంటుంది. చాలామంది సరిగ్గా అప్పుడే ఫ్యాన్సీ రింగ్ మార్చేస్తారు. దాంతో గాయం మళ్లీ రేగుతుంది.

ఇక క్లీనింగ్. ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. మెడికల్ షాపులో దొరికే 0.9 శాతం స్టెరైల్ సెలైన్‌తో రోజుకి రెండుసార్లు తడపండి. మెత్తబడిన పక్కు దానంతట అదే వస్తే తుడిచెయ్యండి, గోటితో గిల్లకండి. తర్వాత శుభ్రమైన గాజుగుడ్డతో అద్దండి. టవల్ వద్దు, దాని పోగులు బార్‌కి చిక్కుకుంటాయి. ఇంట్లో ఉప్పు నీళ్లు కలుపుకోవచ్చా అని అడుగుతారు. ఉప్పు ఎక్కువైతే గాయం ఎండిపోయి మండుతుంది. సెలైనే మంచిది.

మన ఇళ్లలో చెవులు కుట్టినప్పుడు పసుపు, కొబ్బరి నూనె రాసేవాళ్లు, వేప పుల్ల పెట్టేవాళ్లు. పెద్దవాళ్ల మీద గౌరవం ఉంది కానీ ఇక్కడ అవి వద్దు. నూనె రంధ్రాన్ని మూసేస్తుంది, పసుపు పొడి లోపల ఇరుక్కుంటుంది. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా వద్దు, అవి కొత్తగా వస్తున్న చర్మాన్నే దెబ్బతీస్తాయి. బార్‌ని అటూ ఇటూ తిప్పడం అసలే వద్దు.

బట్టల విషయానికొస్తే, లంగా బొందు, జీన్స్ బొడ్డుకి కిందుగా, కొంచెం వదులుగా కట్టుకోండి. బోర్లా పడుకోకండి. మానేదాకా స్విమ్మింగ్ పూల్, చెరువు, సముద్ర స్నానం మానుకోండి.

మెటల్ చాలా ముఖ్యం. ఇంప్లాంట్ గ్రేడ్ టైటానియం మంచిది. ఆర్టిఫిషియల్ నగల్లో నికెల్ ఉంటుంది, దాంతో దురద, రసి. మరి 22 క్యారెట్ బంగారం పెట్టొచ్చు కదా అంటారు. అది మెత్తన, త్వరగా గీతలు పడతాయి. ఆ గీతలు పచ్చి గాయాన్ని ఒరుస్తాయి, వాటిల్లో మురికి చేరుతుంది.

ఇప్పుడు అసలు విషయం. మొదటి వారాల్లో కొంచెం ఎరుపు, వాపు, తెల్లగా లేత పసుపుగా కారి ఎండే ద్రవం మామూలే. అది చీము కాదు. కానీ ఎరుపు చుట్టూ పాకుతున్నా, ముట్టుకుంటే వేడిగా ఉండి సలుపుతున్నా, చిక్కగా పచ్చటి చీము వాసనతో వస్తున్నా, జ్వరం వచ్చినా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. భయపడి బార్ మీరే తీసెయ్యకండి. రంధ్రం మూసుకుపోతే చీము బయటికి రాక లోపల గడ్డ కడుతుంది. తియ్యాలో వద్దో డాక్టర్ చెబుతారు.

ఇన్ఫెక్షన్ లేకపోయినా, బార్ పైకి పైకి వస్తూ, చర్మం పల్చబడి లోపలి లోహం కనిపిస్తుంటే శరీరం దాన్ని నెట్టేస్తోందని అర్థం. అప్పుడు పియర్సర్‌కో డాక్టర్‌కో చూపించి తీయించుకోవాలి. ఆలస్యమైతే పెద్ద మచ్చ మిగులుతుంది.

తల్లులకి ఒక మాట. ఇంట్లో తెలిస్తే తిడతారని చీము పట్టినా చున్నీ చాటున దాచుకునే అమ్మాయిలు ఉంటారు. అలా దాచిన ఒక్కో రోజూ ఇన్ఫెక్షన్ లోపలికి పాకుతుంది. కోపం ఉంటే తర్వాత చూపించండమ్మా, ముందు పిల్లని హాస్పిటల్‌కి తీసుకెళ్లండి. అమ్మాయిలూ, మీరూ అంతే. తిట్లు ఒక పూట ఉంటాయి, మచ్చ జన్మంతా ఉంటుంది.

షుగర్ ఉన్నవాళ్లు, గాయం మానిన చోట కెలాయిడ్ వచ్చే తత్వం ఉన్నవాళ్లు కుట్టించుకోకముందే డాక్టర్‌ని అడగండి. సందేహాలుంటే కామెంట్స్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.