దొంగలని రాసిన కాగితమే మన సాక్ష్యం

(మైదుకూరులో ఆదివాసీ యువజనుల సమావేశంలో చేసిన ప్రసంగం పాఠం)



మనం కూర్చున్న ఈ మైదుకూరు నాలుగు దారుల ఊరు. ఒకటి కడపకు పోతుంది. ఒకటి దువ్వూరు, ఆళ్లగడ్డ మీదుగా నంద్యాలకు పోతుంది. ఒకటి ప్రొద్దుటూరుకు. ఇంకొకటి కొండలు దాటి బద్వేలుకు, ఆడి నుంచి నెల్లూరుకు. తూర్పు వైపు చూస్తే లంకమల, నల్లమల. పడమర వైపు రేగడి చేలు. చేను అయిపోయి కొండ మొదలయ్యే ఆ అంచు గురించే ఈ రోజు మాట్లాడతా. ఎందుకంటే మన తాతల చరిత్ర అంతా ఆ అంచు మీదే నడిచింది.

రాయలసీమ చరిత్ర అనగానే మీకు బడిలో ఏం చెప్పారు? రాయలు, పాలెగాళ్లు, థామస్ మన్రో, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. తప్పు కాదు, వాళ్లంతా ఉన్నారు. కానీ ఆ పాలెగాడికి దారి చూపిందెవరు? ఆ సైన్యానికి తిండిగింజలు మోసిందెవరు? కనుమలో కాపలా కాసిందెవరు? పుస్తకంలో వాళ్లకు పేర్లు లేవు. 'అనుచరులు' అని ఒక్క మాటతో సరిపెట్టారు.

కొంచెం వెనక్కి పోదాం. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. అందుకే దత్త మండలాలు అన్నారు. మన్రో వచ్చి 1807 దాకా పెద్ద కలెక్టరుగా ఉన్నాడు. అప్పటికి ఈ సీమలో ఎనభై మంది దాకా పాలెగాళ్లు. వాళ్ల ఆయుధాలు లాక్కొని, కొందరికి పింఛను ఇచ్చి, కొందరిని తరిమి, రైతుతో నేరుగా శిస్తు కట్టించుకునే పద్ధతి తెచ్చాడు. రైతులకు మేలు చేశాడని మన్రో పేరు పిల్లలకు పెట్టుకున్న ఇళ్లు కూడా ఉన్నాయి. అది ఒక పక్క.

ఇంకో పక్క చూడండి. పాలెగాడి కింద కట్టుబడి బంట్లు ఉండేవాళ్లు. ఊరి కాపలా, దారి కాపలా వాళ్ల పని. జీతానికి బదులు ఇనాం భూమి. అడవిలో చెంచులు కనుమ దారులకు కాపలా. యెరుకలోళ్లు గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా ఉప్పు ఎక్కించుకొని ఈ మెట్ట ఊళ్లకు తెచ్చి, గింజలు కొనుక్కొని పోయేవాళ్లు. సుగాలీలు, అంటే లంబాడీలు, వేల ఎద్దులతో బిడారు కట్టి మొగలాయిలకు, నిజాముకు, చివరికి టిప్పు మీదికి పోయిన కంపెనీ పటాలానికి కూడా ధాన్యం చేరవేశారు. యానాదులకు తెలిసినంత మందుచెట్ల తెలివి ఎవరికీ లేదని పాత దొరల రాతలే ఒప్పుకున్నాయి.

ఇదంతా ఏమిటి? పని. బాధ్యత. దానికి కూలి ఉంది, హక్కు ఉంది. అంచు అనేది ఎవరికీ పట్టని బీడు కాదు. దాన్ని నడిపించే మనుషులు ఉన్నారు, ఆ మనుషులు మనోళ్లే.

మరి ఆ పని ఎట్లా పోయింది? ఒక్క రోజులో పోలేదు. మూడు దెబ్బలు తగిలినాయి.

మొదటి దెబ్బ ఇనాముల మీద. పాలెగాళ్లు పోయాక కంపెనీ సొంతంగా పోలీసును పెట్టుకుంది. కట్టుబడుల ఇనాములు ఒకటొకటిగా చేజారినాయి. ఆ కోపం 1846లో పేలింది. కోయిలకుంట్ల తాలూకాలో నరసింహారెడ్డి లేచినప్పుడు ఆయనకు వస్తున్నది నెలకు పదకొండు రూపాయల చిల్లర పింఛను. అది అందక ఆయనకు మండిందని పాఠాల్లో చెప్తారు. ఒక్క మనిషి పింఛను కోసం వందల మంది ప్రాణాలకు తెగించి వస్తారా? బోయలు, చెంచులు, యానాదులు ఆయన వెంట నడిచారంటే వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. ఆ జులైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. మన పక్కనున్న దువ్వూరు మీద పడ్డారు. గిద్దలూరు దగ్గర కంపెనీ సైన్యంతో తలపడ్డారు. ఆ పోరంతా నల్లమల అంచు పట్టుకొనే సాగింది. అడవి దారులు తెలిసినోళ్లు లేకపోతే అన్ని రోజులు నిలబడగలిగేవాళ్లా?

1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో నరసింహారెడ్డిని ఉరితీశారు. తలను కోట గుమ్మానికి ఏళ్ల తరబడి వేలాడదీశారు. ఇది మీకు తెలుసు. 2019లో పెద్ద సినిమా కూడా వచ్చింది. కానీ ఆయనతో పాటు 900 మందికి పైగా పట్టుబడ్డారు, 100 మందికి పైగా శిక్షలు పడ్డాయి. ఆ పేర్లలో ఎన్ని మనకు తెలుసు? విగ్రహం నాయకుడికి పెట్టారు, మంచిదే. మిగతా పేర్లు కేసు కాగితాల్లో ముద్దాయిల జాబితాలో ఉండిపోయినాయి.

రెండో దెబ్బ అడవి మీద. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఒక కొండను రిజర్వు చెయ్యాలంటే ముందు ప్రకటన వేస్తారు. ఇందులో ఎవరికైనా హక్కు ఉంటే మూడు నెలలకు తగ్గని గడువులో వచ్చి చెప్పుకోమంటారు. చదువు రాని చెంచు, యానాది ఆ ప్రకటన ఎప్పుడు చూడాలి, ఏ ఆఫీసులో పోయి చెప్పుకోవాలి? గడువు దాటితే హక్కు పోయినట్టే. తేనె తీస్తే నేరం, మేకను తోలితే నేరం, కట్టె కొడితే నేరం. తాత చేసిన పనే మనవడు చేస్తే ముద్దాయి అయ్యాడు. ఆ లోపలే, 1860ల నుంచి, రైలు వచ్చి యెరుకల ఉప్పు బేరాన్ని, సుగాలీల బిడారును మింగేసింది.

మూడో దెబ్బ అన్నిటికన్నా క్రూరమైనది. నేరస్థ తెగల చట్టం. 1871లో ఉత్తరాదిలో మొదలుపెట్టి 1911లో మద్రాసు రాజధానికి తెచ్చారు. బేరం పోయి ఊరూరా తిరుగుతున్న మనిషిని చూసి, వీడికి పనెందుకు లేదు అని అడగలేదు. వీడు పుట్టు దొంగ అన్నారు. యెరుకలను, యానాదులను ఆ జాబితాలో ఎక్కించారు. వేలిముద్రలు, ఠాణాలో హాజరు, ఊరు దాటాలంటే చీటీ. స్టువర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ చేతికి, కావలిలో అమెరికన్ బాప్టిస్టుల చేతికి మనుషులను అప్పగించి సెటిల్‌మెంట్లు నడిపించారు. ఒకప్పుడు దారికి కాపలా కాసిన జాతులకే ఇప్పుడు కాపలా పెట్టారు.

దీన్ని ఎదిరించినోళ్లు కూడా ఉన్నారు, వాళ్ల పేర్లు గుర్తుపెట్టుకోండి. నెల్లూరు జిల్లాకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల మధ్య, యెరుకల మధ్య తిరిగి ఈ చట్టం పోవాలని ఏళ్ల తరబడి కొట్లాడారు. 1962లో యానాదుల మీద పుస్తకం రాశారు. మద్రాసు రాష్ట్రంలో 1947లోనే ఆ చట్టాన్ని రద్దు చేశారు, దేశమంతా 1952 ఆగస్టు 31న పోయింది. కానీ చట్టం పోయినంత తొందరగా పేరు పోలేదు. దాని స్థానంలో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చినాయి. ఊర్లో దొంగతనం జరిగితే ముందు ఎవరి గుడిసె తడుముతారో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు జైళ్లలో కులాన్ని బట్టి పనులు పంచే నిబంధనలను కొట్టేస్తూ, విముక్త జాతుల వాళ్లను పుట్టు నేరస్థులుగా చూడటం తప్పని చెప్పింది. స్వతంత్రం వచ్చిన 77 ఏళ్ల తర్వాత కూడా ఆ మాట చెప్పాల్సి వచ్చింది, చూడండి.

ఇంకో చిన్న సంగతి. లంకమలలో కలివికోడి ఉంది గదా. దాని ఇంగ్లీషు పేరులో జెర్డాన్ అనే దొర పేరుంది. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిపోయిందని పుస్తకాల్లో రాసేశారు. 1986 జనవరిలో బొంబాయి నుంచి వచ్చిన శాస్త్రవేత్తలకు అది దొరికింది. రాత్రిపూట బ్యాటరీ లైటు వేసి దాన్ని పట్టింది ఈడి స్థానిక వేటగాడే. పుస్తకం లేదన్నది అడవి ఎరిగినోడి కంటికి ఉంది. ఆ పక్షి కోసం అభయారణ్యం వచ్చింది. పక్షిని కాపాడాల్సిందే. కానీ ఆ అడవి ఎరిగిన మనుషులకు అడవిలో ఏం హక్కు మిగిలిందో కూడా అడగాలా వద్దా?

ఇప్పుడు అసలు మాటకు వస్తా. ఈ చరిత్ర తెలుసుకొని ఏం చేస్తాం?

మన కడప జిల్లా ఐదో షెడ్యూలు ప్రాంతం కాదు. ఆ మాట అడ్డం పెట్టి మీకు అడవి హక్కు లేదని చెప్పేవాళ్లు ఉంటారు. నమ్మొద్దు. 2006 అటవీ హక్కుల చట్టానికి షెడ్యూలు ప్రాంతంతో పని లేదు. అడవిలో ఉంటూ అడవి మీద బతికే ఎస్టీలు 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న భూమికి, కుటుంబానికి 4 హెక్టార్ల దాకా అడగొచ్చు. భూమి ఒక్కటే కాదు. తేనె, కుంకుళ్లు, చీపురు లాంటి ఫలసాయం మీద, మేత మీద, చేపల మీద ఊరందరికీ ఉమ్మడి హక్కు అడగొచ్చు.

దానికి సాక్ష్యం కావాలి గదా అంటారు. నిబంధనలు 13వది చదవండి. గెజిటీర్లు, జనాభా లెక్కలు, సర్వే రిపోర్టులు, అటవీ శాఖ ప్లాన్లు, సర్కారు రికార్డులు, కోర్టు కాగితాలు పనికొస్తాయి. పాత బావి, సమాధులు, దేవర బండ పనికొస్తాయి. హక్కు అడిగేవాళ్లు కాకుండా వేరే పెద్దలు చెప్పింది రాసిపెడితే అది కూడా సాక్ష్యమే. ఒక్కటి చాలదు, ఒకటి కన్నా ఎక్కువ ఉండాలి.

అర్థమైందా? మీ జేజినాయన మీద అడవి కేసు పెట్టిన కాగితం ఉంటే, ఆయన ఆ అడవిలో ఉన్నాడని సర్కారే ఒప్పుకున్నట్టు. ఠాణా రిజిస్టరులో ఊరు, ఇంటిపేరు ఉంటే, ఆ ఊర్లో మీ కుటుంబం ఎన్నాళ్ల నుంచి ఉందో దాంట్లోనే ఉంది. మనల్ని అవమానించడానికి రాసిన రాతను మనం హక్కు కోసం వాడుకోవచ్చు. సిగ్గుపడి దాచిపెట్టుకోవద్దు.

కాబట్టి ఈ వారమే పని మొదలుపెట్టండి. మీ జేజి దగ్గర, ఊర్లో పెద్దాయన దగ్గర కూర్చోండి. ఏ కొండకు ఏ పేరు, ఏ దారిన పోయేవాళ్లు, మేకలు యాడ తోలేవాళ్లు, పెద్దల సమాధులు యాడున్నాయి, ఎప్పుడు ఎవరు వెళ్లగొట్టారు, అన్నీ అడగండి. ఫోన్లో రికార్డు చేసుకోండి, కాగితం మీద రాయండి, చదివి వినిపించి సంతకమో వేలిముద్రో తీసుకోండి. కడపలో బ్రౌన్ గ్రంథాలయం ఉంది. 1875 నాటి గ్రిబుల్ కడప మాన్యువల్, మెకంజీ రాయించిన కైఫీయత్తులు అడిగి చూడండి. మీ ఊరి పేరు దొరికితే ఆ పేజీ నకలు తీసుకోండి. గ్రామసభలో పెట్టండి. సభ తీర్మానంతో నచ్చకపోతే 60 రోజుల్లో సబ్ డివిజన్ కమిటీకి పోవచ్చు, అక్కడ కాదంటే మళ్లీ 60 రోజుల్లో జిల్లా కమిటీకి పోవచ్చు. కాదన్నవాళ్లను కారణం రాతలో ఇవ్వమని అడగండి.

పెద్దవాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు. వాళ్లతో పాటే సాక్ష్యం పోతుంది. 1882లో గడువు దాటిపోయింది మనోళ్లకు చదువు లేక. మీకు చదువుంది.

జోహార్.